రివాల్వర్‌కు పెట్టిన బొట్టు

చిత్తూరులో నా అంగడి పేరు చెబితే ఎవరికీ తెలియదు. "తుపాకుల రెబెకా పక్కన" అంటే మాత్రం ఆటోవాళ్లు తిన్నగా తెచ్చి దించుతారు. మా నాయన కాలం నుంచి పూజా సామాన్లు అమ్ముతున్నాం. బోర్డు మీద సుబ్రమణ్యస్వామి బొమ్మ, దాని కింద నా పేరు సుబ్రమణ్యం అని పెద్ద అక్షరాలతో రాయించాను. అయినా నా అడ్రసు ఆ పిల్ల చేతిలోనే ఉంది. మొదట్లో కడుపు మండేది. ఇప్పుడు నేనే ఫోనులో అట్లా చెప్పుకుంటున్నాను.

రెబెకా తుపాకులు అమ్మదు, బాగుచేస్తుంది. వాళ్ల నాయన జయరావు గారికి ఆ లైసెన్సు ఉండేది. ఆయన దగ్గరే పని నేర్చుకుంది, ఆయన పోయాక లైసెన్సు తన పేరు మీదకు మార్పించుకుంది. ఉగాది లోపల మూసేస్తుందని బజారంతా అన్నారు. ఎన్ని ఉగాదులు వచ్చిపోయాయో, అన్నవాళ్ల అంగళ్లు కొన్ని మూతబడ్డాయి గాని ఆమెది మూతబడలేదు. పలమనేరు పక్క నుంచి పంట మీదికొచ్చే అడవిపందుల్ని తోలుకునే రైతులు వస్తారు, బ్యాంకుల కాపలావాళ్లు వస్తారు. కొత్తగా వచ్చినవాడు తుపాకీని చంకలో పెట్టుకుని, "మీ ఇంటాయన లేడామ్మా?" అని అడుగుతాడు.

"ఉండాడు. తిరుపతి బస్సు తోలతా ఉండాడు. తుపాకి ఇట్లియ్యి," అంటుంది రెబెకా.

ఆమెకూ నాకూ ఏటా ఒక తగాదా ఉంది. ఆయుధ పూజకు వారం ముందు నా అంగడి ముందర నిమ్మకాయల గంపలు దిగుతాయి. అదే వారం ఆమె తన తలుపుకు ఒక అట్ట కడుతుంది: "తుపాకికి బొట్టు పెట్టుకోండి. పూజ కాగానే తుడిచి నూనె రాయండి. నిమ్మకాయ రుద్దవద్దు." నా దగ్గరకు వచ్చినవాడు ఆ అట్ట చదివి, నిమ్మకాయ కొనాలా వద్దా అని నన్నే అడుగుతాడు. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా? ఒకసారి ఎవరో, ఆమె చర్చికి పోయే మనిషి కాబట్టి మన పూజలంటే పడదని గొణిగారు. ఆమె విని లోపలి నుంచే జవాబిచ్చింది. "దేవునికి వద్దనలేదు నాయనా, ఇనుముకు వద్దంటా ఉండా."

పూజ మర్నాడు ఆమె అంగడి కిటకిటలాడుతుంది. నిమ్మరసం, కుంకుమ, విభూతి అన్నీ కలిసి రాత్రికి రాత్రి ఇనుము మీద చేసే పని అంతా ఇంతా కాదు. "నీ నిమ్మకాయలే నాకు కూడు పెడతా ఉండాయన్నా," అంటూ గీకుతూ ఉంటుంది.

ఆ మర్నాటి గుంపులో బంగారుపాళ్యం సురేంద్ర ఒకడు. మామిడి తోటల మనిషి, మెత్తనివాడు. ఆయనకు రివాల్వర్ ఉందని అందరికీ తెలుసు గాని, ఆ రోజు దాన్ని తెచ్చేవాడు కాదు. చిన్న సీసాడు నలుపుమందు మాత్రం కొనుక్కుపోయేవాడు. తుపాకీల మీద ఫ్యాక్టరీలో వేసిన నల్లపూత పోతే పూసుకునే మందు అది. "ఏందన్నా, ప్రతి ఏడూ అయిపోతా ఉండాదా?" అని రెబెకా అడిగితే, "మా ఇంట్లో పూజ కొంచెం గట్టిగా చేస్తారు లేమ్మా," అని నవ్వేవాడు. పోయేటప్పుడు నా దగ్గర ఒక కర్పూరం పొట్లం కొనేవాడు. పెద్దమనిషి, రెండంగళ్లకూ న్యాయం చేసేవాడు.

ఆ సురేంద్ర ఈ ఏడు కాయ కోతకు ముందు గుండెపోటుతో పోయాడు.

కర్మలన్నీ అయిన తర్వాత ఒక ఉదయం ఆయన భార్య లీలావతి రెబెకా అంగడి మెట్లెక్కింది. వెంట హెడ్ కానిస్టేబుల్ గురప్ప ఒక గుడ్డసంచి గుండెకు ఆనించి పట్టుకుని వచ్చాడు. గురప్పకు రిటైర్మెంటు దగ్గరపడింది, మోకాళ్లు వంగవు, అయినా రూలు విషయంలో సూది మొనంత కూడా జరగడు. చింత చచ్చినా పులుపు చావలేదని స్టేషనులో ఆయన గురించే అంటారు. లీలావతి ముఖం చూస్తే మాత్రం నాకు దిగులు వేసింది. నిద్ర లేని కళ్లు, పదేపదే కొంగు సర్దుకునే చేతులు. నేను నా స్టూలు తెచ్చి వేసి, అక్కడే నిలబడ్డాను. వెళ్లమని ఎవరూ అనలేదు, అన్నా వెళ్లేవాణ్ణి కాదు.

విషయం గురప్పే చెప్పాడు. లైసెన్సు ఉన్న మనిషి పోతే తుపాకీని స్టేషనులో అప్పగించాలి, తర్వాత దాన్ని అమ్ముకోవచ్చు. లీలావతి అప్పగించింది. అక్కడ నంబరు సరిచూస్తే చివరి అంకెలు కనబడలేదు.

"నంబరు గీకేసిన తుపాకి అంటే శానా పెద్ద కేసమ్మా," అన్నాడు గురప్ప. "అది సెకండ్ హ్యాండులో కొన్న సరుకు. దొంగసరుకేమో, నంబరు మార్చినారేమో అని మాట వస్తాది కదా. పైకి రాసే ముందర రిపేరు తెలిసినోళ్లతో ఒకసారి సూపించి, రాతలో తీసుకోని రమ్మన్నాడు మా ఎస్సై."

"మా మరిది కూడా అదే అంటా ఉండాడు," అంది లీలావతి, తల ఎత్తకుండా. "మా అన్న యాడనో దొంగసరుకు కొన్నాడు, నన్ను దీంట్లోకి లాగొద్దండి అని ఊళ్లో చెప్తా ఉండాడు. మా ఆయన ఒకరి తోటలో రాలిన కాయ కూడా ముట్టలేదమ్మా. పోయినాక దొంగ అయిపోయినాడు."

రెబెకా చేతులు తుడుచుకుని సంచి విప్పింది. తూటాలు లేవని గురప్ప చెప్పినా వినకుండా తనూ తెరిచి చూసింది. తర్వాత తలుపు దగ్గర ఎండ పడే చోటికి స్టూలు లాక్కుని, భూతద్దం కంటికి పెట్టుకుని, రివాల్వర్‌ను మెల్లగా తిప్పడం మొదలుపెట్టింది. పని చేసేటప్పుడు ఆమె పైకే మాట్లాడుతుంది. జయరావు గారూ అంతే.

"ఈడ సొట్ట ఉండాది. ఇది కింద పడింది, బండ మీద. పాత సొట్ట. ఇది పాత ఓనరు పని. ఈ పక్క అరిగింది తోలు ఒరకు. సురేంద్రన్నకు ఒర లేదు, ఇదీ పాతదే. ఈ ముద్రలు ఫ్యాక్టరీలో పేల్చి సూసినాక కొట్టినవి, సరిగ్గా ఉండాయి. ఇంగ నంబరు కాడికి వస్తాం."

నంబరు దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత భూతద్దం గురప్ప చేతికిచ్చింది.

"సూడండి సార్. ఆకురాయి పెట్టి గీకితే గీతలు ఒకే దిక్కున పోతాయి. ఈడ గీతలు గుండ్రంగా తిరిగినాయి. ఇంగోటి. ఆకురాయి పైపైన పోతాది, అంకెల గుంతల్లోకి దిగదు. ఈడ గుంతల లోపల కూడా తినేసింది. గుంతలోకి దిగేది పులుపొకటే. ఇది ఎవురూ నంబరు చెరపాలని చేసింది కాదు. ఎవురో దీన్ని తోమినారు."

"తోమినారా?"

"చింతపండు పెట్టి, పీచుతో, గిన్నె తోమినట్టు తోమినారు."

"నేను ముట్టలేదు," అంది లీలావతి.

ఆమెను ఎవరూ అడగలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ మాట. రెబెకా ఆమె వంక చూసింది. గురప్ప మాత్రం భూతద్దం వదల్లేదు. ఆయన కన్నూ తక్కువదేం కాదు.

"సరేనమ్మా, తోమినారే అనుకుందాం. మరి ఈ నలుపు ఏంది? గీతల పైన మళ్లీ నల్లగా పూసుండారు. ఒక చోట ముదురు, ఒక చోట లేత. నంబరు గీకి, పైన పూసి దాచినట్టే కదా ఇది?"

నిజమే. గీతలకు కారణం చెప్పినా ఆ పూత మిగిలి ఉంది. గీతల కన్నా అదే ఎక్కువ చెడ్డగా కనబడుతోంది. రెబెకా భూతద్దం తిరిగి తీసుకుని, రివాల్వర్‌ను ఇంకోసారి తిప్పి చూసింది.

"విప్పి సూడాల," అంది చివరికి. "ఈ రకానికి పిడి కింద ఇంగో నంబరు ఉంటాది."

"విప్పడానికి లేదు. పైనుంచి సూడమనే నాకు చెప్పినారు. విప్పాలంటే ఎందుకో కారణం చెప్పాల, ఎస్సైని అడగాల," అన్నాడు గురప్ప.

రెబెకా రివాల్వర్‌ను గుడ్డ మీద పెట్టి లీలావతి ఎదురుగా కూర్చుంది.

"అక్కా, నాకు కనపడింది నేను రాస్తా. ఎవురు తోమినారో తెలీదు, పైన పూత ఎందుకుండాదో తెలీదు అని రాస్తే అది సురేంద్రన్న మీదికే పోతాది. సచ్చిపోయినాయన వచ్చి సాక్ష్యం చెప్పలేడు."

"నాకేం తెలీదమ్మా." లీలావతి మళ్లీ కొంగు సర్దుకుంది. "నువ్వు ముట్టినావని తెలిస్తే కేసు నీ మీదే పడతాదని మా మరిది..."

అక్కడితో ఆపేసింది. మాకందరికీ అర్థమైంది, అయినా అర్థమవడం వేరు, ఆమె చెప్పడం వేరు. రెబెకా కోపం నాకు తెలుసు. పళ్లు పటపట కొరికి అరుస్తుందనుకున్నాను. అరవలేదు. లేచి మూల నుంచి ఒక ఇనప ముక్క తెచ్చింది. పాత నాటు తుపాకీ తునక, నల్లగా ఉంది. "అన్నా, నీ కాడ టెంకాయ పీచు ఉండాది కదా. ఎదురు మెస్సులో కొంచెం చింతపండు అడుక్కోని రా," అని నన్ను తరిమింది. నేను తెచ్చాను. అన్నీ ఒక బకెట్టు నీళ్లతో సహా లీలావతి ముందర పెట్టింది.

"నేను అడగను. మీరు చెప్పనూ వద్దు. పండగ ముందు మీ ఇంట్లో కుందులు ఎట్ల తోమతారో దీన్ని అట్ల తోమండి. సాలు."

లీలావతి ఇష్టం లేకుండానే పీచు అందుకుంది. మొదట వేళ్ల కొసలతో రుద్దింది. కానీ పని తెలిసిన చేతులు పనిని పాడుచేయలేవు. కాసేపటికి కొంగు నడుముకు దోపింది, మఠం వేసి కూర్చుంది, చింతపండు పిసికి ముక్కంతా పట్టించింది. మణికట్టు గుండ్రంగా తిరుగుతోంది. మా ఆవిడ కూడా తోముతుంది గాని ఇంత శ్రద్ధగా తోమగా నేను చూడలేదు. ఆ తునక మీద ఒక చోట ఏవో అంకెలు పొడిచి ఉన్నాయి. ఆమె బొటనవేలు సరిగ్గా అక్కడికి పోయి ఆగింది, అక్కడ మళ్లీ కొంచెం చింతపండు పెట్టి మరీ మరీ రుద్దింది. కడిగి, కొంగుతో తడి లేకుండా తుడిచింది. తుడిచాక ఆమె చెయ్యి తనకు తెలియకుండానే పక్కకు చాచుకుంది, కుంకుమ భరిణె కోసం.

భరిణె అక్కడ లేదు. చెయ్యి అట్లాగే ఆగిపోయింది. ఆమె ఏడ్చింది.

"నేనేనమ్మా," అంది. "ప్రతి ఏడూ నేనే తోమినా. దాన్ని ముట్టొద్దని ఆయన మొదుటే చెప్పినాడు. కానీ పూజలో పెట్టాల కదా. కత్తులు, కొడవళ్లు, మోటారు పానాలు అన్నీ తళతళలాడతా ఉంటే అదొక్కటే మసిబట్టినట్టు ఉంటే ఎట్ల పెట్టేది? ఆయన తోటకు పోయినప్పుడు బీరువాలోంచి తీసి తోమేదాన్ని. రాత ఉండే సోటే దానికి మొగం అనుకున్యా. మొగం కదా అని ఆడ ఇంగొంచెం ఎక్కువ తోమి, ఆడనే బొట్టు పెట్టినా."

గురప్ప భూతద్దాన్ని బల్ల మీద పెట్టాడు. రెబెకా ఆ తడి ముక్కను ఎండలో పట్టి రివాల్వర్ పక్కన ఉంచి చూపించింది. రెండింటి మీదా ఒకే గీతలు. నా కంటికే తెలిసింది.

"మీ ఆయనకు తెలుసా?" అని అడిగాడు గురప్ప. మెత్తగానే అడిగాడు.

"తెలీదు సార్. సత్తెంగా తెలీదు. పూజ అయినాక బొట్టుతోనే ఎత్తి బీరువాలో పెట్టేసేవాడు. ఒక్క మాట అడిగింది లేదు. నాకే విచిత్రంగా ఉండేది. అంత తోమి పెడితే, మళ్లీ ఏడు తీసి సూస్తే ఎప్పటి మాదిరే నల్లగా ఉండేది. ఏం ఇనుమో ఏమో, ఎంత తోమినా నలుపు ఊరతానే ఉంటాదని మళ్లీ తోమేదాన్ని."

రెబెకా నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. మా ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

"అన్నా," అంది రెబెకా మెల్లగా, "సురేంద్రన్న పండగ మర్నాడు వచ్చి ఏం తీసుకోని పోయేవాడో సార్‌కు నువ్వే చెప్పు. నేను చెప్తే నా సరుకు గురించి నేనే చెప్పుకున్నట్టు ఉంటాది."

నేను చెప్పాను. ప్రతి ఏడూ వచ్చేవాడని, నలుపుమందు సీసా కొనేవాడని, అడిగితే ఆ ఒక్క మాటే అనేవాడని చెప్పాను. రెబెకా అరలో నుంచి అదే మందు తీసి తోమిన తునక మీద కొంచెం పూసింది. కాసేపటికి ఆ నలుపు కూడా రివాల్వర్ మీది నలుపులాగే ఒక చోట ముదురుగా, ఒక చోట లేతగా వచ్చింది. గురప్ప ఎస్సైకి ఫోను చేశాడు. కారణం చెప్పాడు. విప్పమన్నారు.

పిడి స్క్రూల మీద ఒక్క గాటు కూడా లేదు. "విప్పినోళ్లు ఎవురో శానా ఓపికగా విప్పినారు," అంది రెబెకా. పిడి చెక్కలు రెండూ ఊడివచ్చాయి. లోపల తుప్పు చుక్క కూడా లేదు. సన్నటి నూనె పొర, మూలల్లో కూడా శుభ్రంగా తుడిచిన గుర్తు. తోమినప్పుడు నీళ్లు లోపలికి దిగి ఉంటాయి కదా, సురేంద్ర ఆ తడి ఆరబెట్టి, నూనె రాసి, మళ్లీ బిగించాడన్నమాట. ఆ నూనె కింద నంబరు చివరి అంకె దాకా స్పష్టంగా ఉంది. గురప్ప లైసెన్సు పుస్తకం పక్కన పెట్టుకుని పైకి చదివాడు. సరిపోయింది. సరిపోయిందని ఇంకోసారి చదివాడు, ఈసారి లీలావతికి వినబడేలా.

"దొంగసరుకు కాదమ్మా. మీ ఆయన సరుకే. మీ మరిదికి నేనే చెప్తా, నలుగురిలో చెప్తా," అన్నాడు.

రెబెకా కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టింది. గీతలు చింతపండుతో తోమినందువల్ల పడ్డవని, నలుపు తన అంగడి మందని, నంబరు చెరిపే ఉద్దేశం ఎక్కడా కనబడలేదని రాసింది. ఎవరినీ అడగకుండా, ఒక్క కొట్టివేత లేకుండా రాసి సంతకం పెట్టింది. పక్కన సాక్షిగా నా సంతకం కూడా తీసుకున్నారు. నాకు గర్వంగానే ఉంది, దాచుకోను.

కానీ లీలావతి ఆ కాగితం వైపు చూడలేదు. విప్పిన పిడి వంక, ఆ నూనె వంక చూస్తోంది.

"ఆయనకు తెలుసునా?" అంది.

"తెలుసక్కా."

"అన్నేండ్లూ తెలుసునా? నేను తోమేది, ఆయన మళ్లీ నల్లగా చేసేదీనా?" ఆమెకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కొంగు వెనకాల నవ్వు ఏడుపయింది. "ఒక్క మాట చెప్పుంటే మానేసుందును కదమ్మా. నోరు తెరిసి ఒక్క మాట."

ఆయన నవ్వు ముఖం నా కళ్ల ముందు కదిలింది. ఇంట్లో పూజ గట్టిగా చేస్తారని చెప్పినప్పుడు ఆయన గొంతులో ఫిర్యాదు లేదు, గొప్ప ఉంది. ఆ సంగతి ఆమెకు చెప్పాలనిపించింది. చెప్పాను. ఆమె కొంగు దించి తల ఊపింది.

గురప్ప సంచి సర్దుకుంటుంటే రెబెకా అడిగింది. "అక్కా, కాయితాలన్నీ అయినాక అమ్మేదానికి ఈడికే వస్తాది. కొనేవాళ్లకు బాగా కనపడాల. పైన ఆ అతుకుల నలుపంతా తీసేసి, తళతళా తెల్లగా మెరిసేట్టు చేసి పెట్టనా? అట్లా అడిగేవాళ్లు కూడా ఉండారు."

"వద్దమ్మా," అంది లీలావతి. చింతపండు పట్టిన తన గోళ్లను చూసుకుంది. "నల్లగానే ఉండనీ. ఈ ఏడు ఆయన పని కూడా నువ్వే చెయ్యి."